గోడకు నెమ్ము, తల్లికి నింద

నెమ్ము అనే మాటకు మా బద్వేలు వైపు రెండు అర్థాలున్నాయి. వానకు తడిసిన గోడ నెమ్మెక్కుతుంది. రొమ్ము పట్టి, డొక్కలెగరేస్తూ ఊపిరి కోసం తన్నుకునే బిడ్డకు కూడా 'నెమ్ము చేసింది' అంటాం. గోడకూ బిడ్డ రొమ్ముకూ ఒకే మాట వాడిన మా ముందుతరం ఆడవాళ్లు వైద్యశాస్త్రం చదవలేదు. అయినా రెండింటికీ సంబంధం ఉందని వాళ్లకు తెలుసు. చదువుకున్న డాక్టర్లకూ, ఇళ్ల లెక్కలు చూసే అధికారులకూ ఈ సంబంధం గుర్తొచ్చేది ఒకే ఒక్క సందర్భంలో, తల్లిని తప్పు పట్టవలసి వచ్చినప్పుడు.

'ఎండలకు బండలు పగిలే సీమలో బూజేమిటి' అని కోస్తా నుంచి వచ్చిన మిత్రురాలు ఒకామె నవ్వింది. మాకు వానలు అసలైనవి అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య గాలులతో వస్తాయి. ఏడాదంతా ఎండి బీటలు వారిన శ్లాబు ఆ రెండు నెలల్లో తాగినంత నీళ్లు తాగుతుంది. గత రెండేళ్లుగా ఆ వానల తర్వాత నేను బద్వేలు, గోపవరం, పోరుమామిళ్ల మండలాల కాలనీల్లో తిరుగుతున్నాను. ఒకే గది, ఒకే కిటికీ. ఆ కిటికీ కూడా పక్కింటి గోడకు మూడడుగుల దూరంలో. మూలన పొయ్యి, దానికి ఎదురుగా దండెం మీద ఆరని బట్టలు, గోడవారన బియ్యం మూట, దాని పక్కనే బిడ్డ పడక. పడక పక్క గోడ మీద నల్లటి మచ్చలు చేయి ఎత్తినంత ఎత్తున. లోపల అడుగు పెట్టగానే ముక్కుకు తగిలే ముక్కవాసన.

అలాంటి ఒక ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడికి రాత్రుళ్లు పిల్లికూతలు. తల్లి వాణ్ణి చంకనేసుకుని పక్క పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయింది. రక్తం తీసి ఎలర్జీ పరీక్షల కట్ట ఒకటి రాశారు. ఆమె కూలి పది రోజులది దానికే సరిపోయింది. రిపోర్టు వచ్చింది. దుమ్ము, బూజు పడదని తేలింది. అప్పుడు డాక్టరు చెప్పిన మందు ఒకటే: 'ఇల్లు శుద్ధంగా పెట్టుకోకపోతే ఎట్లమ్మా? బూజు లేకుండా చూసుకో.' ఆ మాట ఇంటికొచ్చి అత్త నోట్లో పడింది, తర్వాత మొగుడి నోట్లో పడింది. పది రోజుల కూలి పెట్టి ఆమె కొనుక్కొచ్చింది ఒక నింద. (మన భాషలో బూజంటే సాలెగూడు కూడా. చీపురు పెట్టి దులిపితే పోయేదే కదా అని మగవాళ్లకు తోచడంలో వింత లేదు.)

ఆ పరీక్ష నిజంగా ఏం చెబుతుందో మనం తెలుసుకోవాలి. ఒళ్లు కొన్ని పదార్థాలను శత్రువుగా పోల్చుకుంటోందని మాత్రమే అది చెబుతుంది. ఆ ఇంట్లో బూజు ఎంత ఉందో, ఎక్కడి నుంచి వస్తోందో, పిల్లవాడి దగ్గుకు అదే కారణమో కాదో దానికి తెలియదు. ఇంట్లో గాలిని పట్టి బూజు కణాలు లెక్కపెట్టే పరీక్షలూ ఉన్నాయి, నగరాల్లో అమ్ముతున్నారు. కానీ బూజు కణాలు లేని గాలి భూమి మీద లేదు. ఎన్ని కణాలుంటే ప్రమాదం అనే హద్దు కూడా ఎవరూ గీయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజుల మీద మార్గదర్శకాలు వేసింది. వాటిలోనూ ఇంత అని అంకె లేదు. చెమ్మను ఆపండి, బూజు కనిపిస్తే తీసెయ్యండి, ఇలాంటి ఇళ్లలో పిల్లలకు ఉబ్బసం, దగ్గు పెరుగుతాయి అని మాత్రం స్పష్టంగా ఉంది. కంటికి కనిపించే మచ్చకు, ముక్కుకు తగిలే వాసనకు పరీక్ష అక్కర్లేదు. దానికి కావలసింది కారని శ్లాబు, గాలి ఆడే కిటికీ, నీళ్లు నిలవని పునాది. ఇవి చీపురుతో వచ్చేవి కావు.

పిల్లవాడిని డాక్టరుకు చూపించవద్దని కాదు. పిల్లికూతలు ఉబ్బసమేమో, తగ్గని దగ్గు క్షయేమో, కట్టెల పొయ్యి పొగేమో చూడాల్సిందే. క్షయకు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేస్తారు. అది అడిగి చేయించుకోవాలి. నేనంటున్నది వేరు. గోడ చేసిన తప్పును బిడ్డ రక్తంలో వెతికి, తల్లి నెత్తిన రుద్దే పద్ధతి గురించి.

ఇది మా ఊరి జబ్బే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. సూడాన్ నుంచి వలసొచ్చిన కుటుంబం, ఒక సంస్థ అద్దెకిచ్చిన చిన్న ఫ్లాటు, గోడల నిండా బూజు. తండ్రి 2017లోనే ఫిర్యాదు చేస్తే పెయింటు వేసుకొమ్మన్నారు. ఆ కుటుంబం బతికే తీరే బూజుకు కారణమని ఊహించుకున్నారు. 2022 నవంబరులో విచారణ జరిపిన కరోనర్, బిడ్డ చావుకు ఆ ఇంటి బూజే కారణమని తేల్చింది. దాంతో 2023లో అక్కడ చట్టం మారింది. ఆ బిడ్డ పేరుతోనే పిలిచే నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉన్నాయని చెబితే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. ప్రాణాపాయమైతే 24 గంటల్లో సరిచేయాలి. ఆ బాధ్యత ఇల్లు ఇచ్చినవాడిది, అందులో ఉండే తల్లిది కాదు.

మన దగ్గర సంగతి చూడండి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 30 లక్షల ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చింది. ఆస్తి ఆడవాళ్ల పేరున ఉండాలని మనమే ఏళ్ల తరబడి అడిగాం, ఇచ్చినందుకు సంతోషించాం కూడా. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి 1 లక్షా 80 వేలు. ఆ డబ్బుతో సిమెంటూ ఇసుకా తూకం తప్పకుండా శ్లాబు ఎంత పడుతుందో మేస్త్రీని అడగండి, చెబుతాడు. మేము చూసిన కొన్ని కాలనీలు వాన నీళ్లు వచ్చి నిలబడే పల్లంలో ఉన్నాయి. చివరి బిల్లు మంజూరయ్యాక ఆ శ్లాబు ముఖం చూసే అధికారి ఎవరు? అడిగితే ఒకాయన నాతో అన్నమాట: 'ఇల్లు ఆమె పేరుమీదే ఉంది కదమ్మా, ఆమే చూసుకోవాల.' పట్టా ఆమెకొచ్చింది, దాంతోపాటే కారే శ్లాబు మీద జవాబుదారీతనం కూడా ఆమెకే వచ్చింది.

ఇంతవరకూ చదివి నేను పరీక్షలకే వ్యతిరేకినని అనుకోకండి. కంటికీ ముక్కుకూ అందని బూజు విషం ఒకటుంది. అక్కడ పరీక్ష తప్ప దారి లేదు. సరిగ్గా అక్కడే మన పిల్లలకు పరీక్ష దొరకదు.

చెనిక్కాయ సంగతి చెబుతున్నాను. పంట చివర్లో వాన ఎగ్గొట్టి, నేల కాగి, కాయ నీరసపడితే నేలలోనే ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి దూరుతుంది. అంటే ఇది కరువు బూజు, మన సీమ బూజు. కాయ పీకాక వాన తగిలినా, సరిగ్గా ఎండకముందే మూట కట్టినా, మిషనులో గింజ పగలకుండా కాయల మీద నీళ్లు చల్లినా అది ఇంకా పెరుగుతుంది. అది కక్కే విషం పేరు అఫ్లటాక్సిన్. కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. వేయించినా పూర్తిగా పోదు. తిన్న తల్లి పాలలోకీ, చెక్క తిన్న గేదె పాలలోకీ రూపం మార్చుకుని దిగుతుంది. 2019లో ఆహార భద్రతా సంస్థ బయటపెట్టిన దేశవ్యాప్త పాల సర్వేలో 6,432 నమూనాల్లో 368 ఈ విషం హద్దు దాటాయి.

దీని గురించి మన దేశానికి తెలియదని ఎవరూ అనలేరు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడితే 106 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది ఆదివాసులు. వాళ్ల తిండి పంచుకున్న కుక్కలూ చచ్చాయి. కారణం కనిపెట్టింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో గింజలో ఈ విషాన్ని పట్టుకునే పరీక్షను తయారుచేసింది. జ్ఞానం మన రాష్ట్రాల్లోనే పుట్టింది. అది కడప జిల్లా చెనిక్కాయ మిల్లు దాకా ఎందుకు నడిచి రాలేదు?

నడిచి వచ్చింది, నిజానికి. ఎగుమతి సరుకు కోసం వచ్చింది. యూరప్ దేశాల్లో నేరుగా తినే వేరుశనగలో ఈ విషం మొత్తం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. వంద కోట్ల భాగాల్లో నాలుగు భాగాలన్నమాట. పసిపిల్లల ఆహారంలో బి1 రకం 0.1 దాటకూడదు. మన హద్దు తినడానికి సిద్ధంగా ఉన్న గింజలకు 10, ఇంకా శుద్ధి చేయవలసినవాటికి 15. అక్కడికి పోయే సరుకుకు పరీక్ష పత్రం లేకపోతే ఓడ ఎక్కదు. ఆ సరుకును శుద్ధి చేసేది ఎవరు? మిల్లుల్లో నేల మీద వరసగా కూర్చుని పుచ్చు, ముడత, రంగు మారిన గింజలను వేళ్లతో ఏరే ఆడవాళ్లు. చేత్తో ఏరితే విషం చాలామటుకు తగ్గుతుందని శాస్త్రమే ఒప్పుకుంటుంది. ఆ దుమ్ము పీల్చుకుంటూ రోజంతా ఏరి, యూరప్ బిడ్డ తిండిని శుద్ధి చేసి ఓడెక్కించేది ఈ వేళ్లే. మరి ఏరి పారేసిన గింజ ఎక్కడికి పోతుంది? పారెయ్యరు. కొంత నూనెకు, కొంత తక్కువ ధరకు బజారుకు. నేను చూసినంతలో కొంత ఏరిన ఆమె కొంగుకే. ఆ రాత్రి సంగట్లోకి ఊరిమిండి దాంతోనే.

2020 జనవరి నుంచి మన సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనంతోపాటు వారానికి మూడు రోజులు చెనిక్కాయ చిక్కీ పెట్టారు. మంచి పనే. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేర్ల గురించి జరిగినంత చర్చ గింజ గురించి జరగలేదు. సరఫరాదారు సరుకుకు అఫ్లటాక్సిన్ పరీక్ష చేయించాడా? ఏ లాబులో? ఎంత వచ్చింది? చేయించి ఉంటే ఆ కాగితం నేను వెళ్లిన ఒక్క బడి గోడ మీద కూడా చూడలేదు.

ఈ మాట ఎత్తగానే మన సంఘంలోనే ఒక అక్క కోప్పడింది. 'పేదపిల్లలకు దొరికేదే ఆ చిక్కీ ముక్క. నువ్వు భయపెడితే అదీ తీసేస్తారు' అంది. ఆమె భయం న్యాయమైనదే. గుడ్డు మీద ఎన్ని కుట్రలు జరగలేదు? అందుకే స్పష్టంగా చెబుతున్నాను. చిక్కీ ఉండాలి, చెనిక్కాయ ఉండాలి, పరీక్షతో ఉండాలి. యూరప్ వాడు పరీక్ష అడిగినంత మాత్రాన చెనిక్కాయ తినడం మానేశాడా?

ఇంకొక మాట, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకు. ఈ విషం పిల్లల ఒంట్లో ఎంత చేరిందో రక్తంలో కొలవవచ్చు. 2002లో బెనిన్, టోగో దేశాల్లో 480 మంది చిన్నపిల్లల రక్తం చూస్తే 99 శాతం మందిలో కనిపించింది. ఎక్కువ ఉన్నవాళ్లు ఎదుగుదలలో వెనకబడి ఉన్నారు. అలాంటి అధ్యయనాల విలువ నేను కాదనను. కానీ రేపు ఏదో ప్రాజెక్టు పేరుతో మన పల్లెల్లో పిల్లల వేళ్లు గుచ్చడానికి వస్తే ముందు అడగవలసినవి అడగండి. ఫలితం తల్లికి చెబుతారా, ఆమెకు అర్థమయ్యే తెలుగులో? ఎక్కువ వస్తే ఏం చేస్తారు? రక్తంలోంచి దాన్ని తీసే మందు లేదు కదా. బిడ్డ రక్తం కంటే ముందు మిల్లులో మూట గుచ్చి చూడటం చవక, సులువు. అది చేయకుండా బిడ్డ దగ్గరికి వస్తున్నారంటే మూట యజమానికి కోపం రాకూడదనే.

ఈ నవంబరుకు మేము రెండు పనులు పెట్టుకున్నాం. మొదటిది, వానలు ఆగిన వారంలోపు ప్రతి కాలనీలో ఆడవాళ్లే ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడ కారుతోంది, ఎక్కడ నల్లబడింది, ఆ ఇంట్లో దగ్గుతున్న పిల్లలెందరు అని నోటుపుస్తకంలో రాసి, ఊరి పేరుతో, తేదీతో గృహనిర్మాణ శాఖకు సామూహిక ఫిర్యాదుగా ఇస్తారు. విడివిడిగా ఇస్తే మళ్లీ 'చూసుకోమ్మా' అంటారు. రెండోది, 2005 సమాచార హక్కు చట్టం కింద చిక్కీ సరఫరా పరీక్ష ఫలితాలు అడుగుతూ జిల్లా విద్యాశాఖకు దరఖాస్తు. పది రూపాయల ఫీజు, తెల్లరేషను కార్డు ఉంటే అదీ లేదు. నమూనా దరఖాస్తు తెలుగులో రాసిపెట్టాం, కావలసిన సంఘాలు పత్రిక చిరునామాకు రాస్తే పంపుతాం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు కాగితం కూడా సిద్ధంగా ఉంది.