సర్కారు లాయరు పని

బాగేపల్లిలో మా పెద్దనాన్న పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో సత్యం షేర్లు కొన్న్యాడు. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలే దొంగవని ఉత్తరం రాసినాక ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

టెస్టింగ్ చేసే మాకు తెలుసు: తప్పుందనడం సులభం, చూపించడం కష్టం. సర్కారు లాయర్లు ఆ పనే చేసినారు. దొంగ బిల్లులు, బ్యాంకులో లేని డిపాజిట్లు కోర్టు ముందర పెట్టి, 2015 ఏప్రిల్ 9న పదిమందికి ఏడేండ్ల శిక్ష వేయించినారు. మరుసటి నెలే అప్పీల్లో బెయిలొచ్చింది, అదీ నిజమే. అయినా రుజువు రికార్డుకెక్కింది కదా!

చింతామణిలో చీటీలాయన ఊరిడిసి పోయినప్పుడు మనోళ్లు కంప్లైంటే ఇయ్యలేదు. కన్నడంలో అర్జీ రాయను రాక కాదు, సిగ్గుతో.

చిక్కబళ్ళాపురంలో పీయూసీ ముగించిన మా అక్క కూతురు లా చదువుతానంటా ఉంది. ఇంట్లో ఇంజనీరింగే అంటున్నారు. మేము మాత్రం ఆ పిల్ల పక్కే.