పండ్లకు వెల్లవేయుట

పెండ్లికి ముందు ఇంటిగోడలకు వెల్లవేయుట మన సీమలో పాత యాచారము. ఇప్పుడు పెండ్లికూతుని పండ్లకు గూడ వెల్లవేయు కాలము వచ్చినది. తిరుపతి, చిత్తూరు పట్టణములలో చీరెలు, నగలు, పూలదండలతోబాటు దంతవైద్యుని యొద్ద పండ్లు తెలుపుచేయించుటయు పెండ్లిఖర్చుల పట్టికలో చేరుచున్నది. అలంకారమే గదా, దోషమేమని కొందఱందురు. దోషము మందులో కొంత, మనలో మిక్కిలి కలదని మా యభిప్రాయము.

ముందు మందు సంగతి. పంటిపై నుండు ఎనామిలు కొంతవఱకు వెలుతురును లోనికి పోనిచ్చు పొర. దానిక్రింది డెంటిన్ స్వభావముచేతనే పసుపువన్నె గలది. వయస్సు మీఱినకొలది పైపొర యరిగి ఆ వన్నె బయటికి దోచును. కాబట్టి కొంచెము పసుపుగ నుండు పన్ను రోగము కాదు. కవులు దంతములను ముత్యములతో పోల్చిరి. ముత్యమైనను సుద్దముక్కవలె తెల్లగ నుండునా? తెలుపుకొఱకు ఇటుకపొడితోను బొగ్గుపొడితోను రాచుకొనువారు పైపొరను పోగొట్టుకొని, లోని పసుపునే బయటపెట్టుకొనుచున్నారు.

వైద్యులు వాడునది హైడ్రొజన్ పెరాక్సైడు. ఒక్కొకచో నూటికి 35 పాళ్లు గల ఘాటైన మందును, చిగుళ్లకు కాపుపెట్టి పూయుదురు. తగువిధముగ చేసిన పండ్లు తెల్లబడుట నిజము. కాని కొన్నినాళ్లు చన్నీరు తగిలినను జివ్వుమనుటయు నిజమే. ఆ తెలుపు శాశ్వతము కాదు. కాఫీ, తాంబూలము, పొగాకు మరల రంగు తెచ్చును. కట్టించుకొన్న పంటికి రంగు మాఱదు. పుచ్చిన పంటిని చూడక మందు పూసిన బాధ హెచ్చును. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన శాసనము 18 ఏండ్లు నిండనివారికి ఈ మందును నిషేధించినది. నూటికి 6 పాళ్లకు మించరాదనియు, ప్రతి చికిత్సలో మొదటి ప్రయోగము దంతవైద్యుని యధీనమున జరుగవలెననియు విధించినది. మనదేశమున దంతవైద్యుల శాసనము 1948లోనే పుట్టినను, ముఖాలంకారము చేయువారు సైతము ఈ మందును చేపట్టిన అడ్డుపడువారు తక్కువ.

ఇక అసలు సంగతి. మా తరగతులలో నవ్వు వచ్చినప్పుడు నోటికి అరచేయి అడ్డముపెట్టుకొను బాలికలు కలరు. వారి పండ్లపై గోధుమరంగు చారలున్నవి. అవి మురికి కాదు, సోమరితనమును కాదు. రాయలసీమ రాతినేలలలో పలుచోట్ల లోతుబావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీటిని పసితనమున ఏండ్లతరబడి త్రాగిన, చిగురు క్రింద రూపొందుచున్న పంటియందే మచ్చ పడును. తెలుగుదేశమున ఈ వ్యాధి కొత్తది కాదు. 1937లోనే షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును నాటి నెల్లూరు మండలమున దీనిని గుర్తించి ప్రకటించిరి. నీరు చేసిన తప్పునకు పిల్ల సిగ్గుపడుచున్నది!

పెండ్లిచూపులకు వచ్చినవారు ఈ నీటికథ నెఱుగరు. "పిల్ల లక్షణముగ నున్నది గాని, పలువరుసయే..." యని పెదవి విఱుతురు. తండ్రి అప్పుచేసి పట్టణమునకు పరుగెత్తును. కట్నము 1961 నాటి శాసనముచేత నిషిద్ధము; పట్టికకెక్కని ఈ కట్నము నే శాసనము నిషేధించును? వరుని పండ్లు పొగచేతను గుట్కాచేతను గారపట్టియున్నను అడుగువారు లేరు. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచును; వయస్సు తెలియుటకైన చూచును. కన్యను చూడవచ్చినవాడు తెలిసికొనున దేమి?

తన ముఖమును దిద్దుకొను స్వాతంత్ర్యము స్త్రీకి లేదా యని మమ్ము ప్రశ్నింపవచ్చును. కలదు. మచ్చలచే బాధపడు యువతి వైద్యుని సలహాతో, తన యిచ్చచేత చేయించుకొన్నచో మేము సంతసింతుము. వరునివారు పోవుదురేమో యను వెఱపుతో చేయించుకొనుట మాత్రము స్వాతంత్ర్యము కాదు, సుంకము.

సుశ్రుతుడు పండ్రెండంగుళముల పుల్లతో దంతధావనము విధించి, దుర్గంధము పోవును, అన్నరుచి కలుగును, మనస్సు ప్రసన్నమగునని ఫలము చెప్పెను. మన గృహస్థులు ఆ మూటినే కోరుదురు గాక. దంతవైద్యుని యొద్దకు పిల్లలను తప్పక కొనిపోవలెను. పుప్పి పూడ్పించుటకు, గార తీయించుటకు కొనిపోవలెను. వైద్యుడు తెలుపుగూర్చి చెప్పిన, ముందు పుప్పి చూచితిరా, ఎన్నినాళ్లు నిలుచునని అడుగవలెను. పెండ్లిచూపులలో పండ్లమాట యెత్తినవారిని మా యూరి నీరు త్రాగి చూడుడని నిలువరింపవలెను. ప్రతి గ్రామపంచాయతీ తన బావినీటిని పరీక్షింపించి, ఆ లెక్కను పాఠశాల గోడమీద వ్రాయింపవలెను. వెల్ల వేయవలసిన గోడ యది.