చేతిలో గ్రంథాలయం, కళ్లలో మంట

పోయిన నెలలో ఒక డిగ్రీ విద్యార్థిని తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. కళ్లు మండుతున్నాయని, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తోందని చెప్పింది. చూపులో దోషమేమీ లేదని అంతకుముందే కంటి పరీక్షలో తేలింది. పాఠ్యపుస్తకాలన్నీ ఫోనులోనే చదువుతోందట. "అచ్చు పుస్తకం ఇష్టం లేదా అమ్మా?" అని అడిగాను. "ఇష్టమే సార్, అన్నీ కొనలేం కదా" అంది. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఆ తండ్రి తల దించుకున్నారు.

నేటి యువత పుస్తకం ముట్టదని నిందించే పెద్దలు ఈ మాటను ఆలకించాలి. మన దేశంతో సహా ఐదు దేశాల్లో నాలుగు వందల మందికి పైగా విశ్వవిద్యాలయ విద్యార్థులను ప్రశ్నించినప్పుడు, నూటికి 90 మందికి పైగా కాగితం మీదే ఏకాగ్రత కుదురుతుందన్నారు. 54 అధ్యయనాలను క్రోడీకరించి 2018లో వెలువడిన విశ్లేషణలోనూ, సమాచార ప్రధానమైన పాఠాలు కాగితంపైనే మెరుగ్గా అర్థమవుతాయని తేలింది. పిల్లలు ఫోనులో చదువుతున్నది చాలావరకు ఇష్టంతో కాదు, గత్యంతరం లేక.

దాని భారం శరీరం మీద పడుతుంది. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, అంతకన్నా తక్కువకు కూడా పడిపోతుంది. దానితో కన్నీటి పొర ఆరిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మన అనంతపురంలో పొడిగాలి ఆ ఆరుదలను మరింత పెంచుతుంది. చిన్న అక్షరాల కోసం ఫోనును దగ్గరకు తెచ్చుకోవడంతో కంటి కండరాలూ, మెడా అలసిపోతాయి.

నేను డిజిటల్ పుస్తకానికి విరోధిని కాను. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం మారుమూల పల్లె విద్యార్థికీ వరమే. వెతుక్కోవడానికి, సరిచూసుకోవడానికి అది చక్కగా ఉపకరిస్తుంది. కానీ గంటల తరబడి చదవవలసిన ప్రధాన పాఠ్యపుస్తకం అచ్చులో ఉండాలి. ప్రతి కళాశాల గ్రంథాలయమూ వాటిని పేద విద్యార్థులకు సెమిస్టరు పొడవునా అరువివ్వాలి. పీడీఎఫ్ పంపించి బాధ్యత తీరిందనుకోవడం తగదు.

అంతవరకు విద్యార్థులు ఈ జాగ్రత్తలు పాటించండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. కావాలని రెప్పలు వేయండి. చీకటిలో ఫోను చదవకండి. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి. వాటివల్ల నీటికాసుల జబ్బు రావచ్చు. మంట తగ్గకుంటే కంటి వైద్యుణ్ణి సంప్రదించండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి: కళాశాలకు వెళ్లినప్పుడు ఫీజు సంగతితో పాటు గ్రంథాలయం సంగతి కూడా అడగండి. అలా అడగడానికి తల దించుకోనక్కరలేదు.