ఐదంకెల చేవ్రాలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆదాయపు పన్ను రిటర్నులకు సాధారణముగా ఏప్రిలు 15వ తేది గడువు. అచ్చట వివాహితులకు రెండు మార్గములు కలవు: దంపతులు కలిసి యొకే రిటర్ను దాఖలు చేయవచ్చును, లేదా ఎవరి రిటర్ను వారు వేర్వేరుగా దాఖలు చేయవచ్చును. ఏ మార్గము మేలో నేడు పెక్కు గృహములలో చెప్పునది వకీలు కాదు, కంప్యూటరులోని సాఫ్టువేరు. టెక్సాసునందును కాలిఫోర్నియాయందును కాపురమున్న తెలుగు కుటుంబములకు ఇది ఏటేట వచ్చు అనుభవమే. గనుక మన పాఠకులకు దీనితో నిమిత్తము లేదనరాదు.

ఇరువురి జీతములు నమోదు చేసినంతనే, కలిసి దాఖలు చేసినచో ఇన్ని డాలర్లు మిగులునని సాఫ్టువేరు చూపును. ఆ లెక్క సాధారణముగా తప్పు కాదు. వేర్వేరుగా దాఖలు చేయువారు విద్యావ్యయమునకు లభించు పన్ను రాయితీలను, విద్యార్థి ఋణపు వడ్డీ తగ్గింపును కోల్పోవుదురు. ఒకరు ఖర్చులను పద్దువారీగా చూపినచో రెండవవారికి స్థిర మినహాయింపు దక్కదు. టెక్సాసు, కాలిఫోర్నియా మొదలగు తొమ్మిది రాష్ట్రములలో దంపతుల ఆర్జన ఉమ్మడి ఆస్తి; అచ్చట వేరుగా దాఖలు చేయువారు సైతము సామాన్యముగా ఒకరి జీతములో సగము మరొకరు చూపవలసియుండును. ఇన్ని చిక్కులు చూచి, కలిసి దాఖలు చేయుటయే సుఖమని యెంచుట సహజము.

కాని డాలర్ల లెక్కలో కానరాని పద్దు ఒకటి కలదు. ఆ దేశపు పన్నుచట్టములోని 6013వ విభాగము ప్రకారము, ఉమ్మడి రిటర్నుపై సంతకము చేసిన దంపతులు ఉమ్మడిగాను విడివిడిగాను బాధ్యులు. భర్త తన వ్యాపారపు రాబడిని దాచినచో, పన్నును, వడ్డీని, జరిమానాను సంపూర్ణముగా భార్యనుండియే వసూలు చేయవచ్చును. విడాకుల తీర్పులో ఆ అప్పు భర్తదేయని వ్రాసియున్నను, పన్నుశాఖ దానికి కట్టుబడదు. గడువు దాటిన పిదప, ఉమ్మడి రిటర్నును విడదీసి వేర్వేరు రిటర్నులుగా మార్చుకొనుటయు సాధారణముగా సాధ్యము కాదు. 1998లో చేసిన చట్టము నిరపరాధియైన దంపతికి ఊరట కల్పించినది నిజమే. కాని తనకు తెలియదనియు, తెలిసికొనుటకు కారణమును లేదనియు ఆమెయే రుజువు చేసికొనవలెను.

ఇంతటి బాధ్యతకు చేవ్రాలెట్టిది? కంప్యూటరులో ఒక్కొక్కరు ఎన్నుకొను ఐదంకెల పిన్. భర్త బల్లయొద్ద కూర్చుండి తన యైదంకెలతోపాటు భార్య యైదంకెలనుగూడ కొట్టివేసినచో ఎవరు చూడవచ్చిరి? ఆమె వంటయింటనుండి "సరే" యనినచో అదియే సమ్మతి.

పూర్వము మన దేశమున ఘోషాస్త్రీ వ్రాసియిచ్చిన దస్తావేజు వివాదమునకు వచ్చినపుడు, అది యామెకు చదివి వినిపింపబడెనా, ఆమె గ్రహించెనా యని ప్రివీ కౌన్సిలు ప్రశ్నించెడిది. రుజువుభారము దస్తావేజును ఆధారముగా గొన్నవానిపైనే మోపెడిది. పరదా చాటున నున్న స్త్రీకి ఆనాడు దొరకిన రక్షణ, పట్టభద్రురాలై ఉద్యోగము చేయుచున్న స్త్రీకి నేడు కంప్యూటరు ముందు దొరకకుండుట వింత కాదా?

వేరుగా లెక్క చూపుట కాపురమునకు అపశకునమని కొందరందురు. భారతదేశమున భార్యాభర్తలు ఎవరి రిటర్ను వారే దాఖలు చేయుచున్నారు. బ్రిటనులో 1990 నుండి భార్య యాదాయమునకు వేరుగనే పన్ను. ఇందువలన కాపురములు కూలిపోలేదు. అందరును వేరుగా దాఖలు చేయవలెనని మేమనుట లేదు. పెక్కుమందికి ఉమ్మడి రిటర్నే లాభకరము. మేము కోరునవి రెండే. మిగులు డాలర్లను ఎంత పెద్ద అక్షరములతో చూపుదురో, బాధ్యతనుగూడ అంత పెద్ద అక్షరములతోనే సాఫ్టువేరు చూపవలెను. ఆ యైదంకెలను భార్య తన చేతితో, రిటర్ను ఆసాంతము చదివిన పిమ్మటనే నమోదు చేయవలెను.

సోదరీమణులారా! భర్తయందు విశ్వాసముండుట గృహధర్మము. చదువక చేవ్రాలు చేయుట ధర్మము కాదు.