బొమ్మకు కోట్లు, గీసిన చేతికి చప్పట్లు

2025 మార్చిలో ఒక రాత్రి డెస్కు మీదికి వార్తా సంస్థ కాపీ ఒకటి వచ్చింది. మక్బూల్ ఫిదా హుస్సేన్ 1954లో చిత్రించిన ‘గ్రామ యాత్ర’ న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ నిర్వహించిన వేలంలో 1.37 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు 118 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయిందన్నది వార్త. ఆధునిక భారతీయ చిత్రాలలో అంతవరకు వేలంలో ఇంత ధర పలికినది లేదు. అమ్మినది ఓస్లోలోని ఒక ఆసుపత్రి. ఢిల్లీలో పనిచేసిన వైద్యుడొకరు 1954లోనే కొనుక్కున్న ఆ చిత్రం 1964లో ఆ ఆసుపత్రికి చేరింది. వచ్చిన సొమ్మును వైద్యుల శిక్షణకు వినియోగిస్తారు. సదుద్దేశమే. కాపీని తెలుగు చేసి, అంకెను శీర్షికలోకి ఎక్కించి పేజీకి పంపాను. గీసిన చేతికి ఇందులో దక్కినదెంత అన్న ప్రశ్నకు మాత్రం ఆ కాపీలో చోటు లేదు.

ఆ ప్రశ్న అప్పటికి నెల రోజులుగా మనసులో మెదలుతున్నదే. ఫిబ్రవరిలో ఢిల్లీ ఓఖ్లాలోని ఎన్‌.ఎస్‌.ఐ.సి. మైదానంలో జరిగిన ఇండియా ఆర్ట్ ఫెయిర్‌ను ఒక రోజంతా తిరిగి చూశాను. 2008లో ప్రగతి మైదాన్‌లో ‘ఇండియా ఆర్ట్ సమ్మిట్’ పేరుతో మొదలైన ఈ కళా సంత 2012లో పేరూ, స్థలమూ మార్చుకుని, నేడు దక్షిణాసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. వందకు పైగా గ్యాలరీలు, సంస్థలు స్టాళ్లు తీసుకున్నాయి. కాలేజీ విద్యార్థుల నుంచి కోటీశ్వరుల దాకా ఒకే ద్వారం గుండా వస్తున్నారు. దాడుల భయంతో 2008లో హుస్సేన్ చిత్రాలను ఈ సంతలోనికి రానివ్వలేదు. 2011లో ఒక రోజు గోడల మీద నుంచి తీసివేసి, మరునాడు భద్రత నడుమ తిరిగి తగిలించారు. అదే ఏడాది ఆయన లండన్‌లో కన్నుమూశారు. అటువంటి చిత్రకారుని పేరే ఇప్పుడు విపణికి కొలమానం అయింది.

పుదుచ్చేరిలోని ముదలియార్‌పేటలో పెరిగినవానికి సంత అంటే గాంధీ వీధిలో ఆదివారం సంతే. అక్కడ ప్రతి వస్తువు ధరనూ గొంతెత్తి అరుస్తారు. ఢిల్లీ కళా సంతలో చాలా బొమ్మల పక్కన ధర చీటీ ఉండదు. అడగాలి, అడిగినవాని వాలకం చూసి జవాబు చెబుతారేమోనన్న బెరుకు నాబోటివారికి తప్పదు. అయినా రెండు మూడు చోట్ల అడిగిన మీదట ఒక సంగతి బోధపడింది. అక్కడ జరిగే అమ్మకాలు రెండు రకాలు. మొదటిది చిత్రకారుని కార్యశాల నుంచి నేరుగా వచ్చిన కొత్త బొమ్మ. దాని ధరలో సాధారణంగా సగం దాకా గ్యాలరీ తీసుకున్నా, మిగిలినది చిత్రకారునికి చేరుతుంది. రెండవది ఒకరి ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉండి తిరిగి అమ్మకానికి వచ్చిన బొమ్మ. ఇందులో లాభం అమ్మినవానికి, కమిషన్ దళారికి, పన్ను ప్రభుత్వానికి. చిత్రకారునికి మిగిలేది చప్పట్లే.

దీనికి మన దేశంలో చట్టమే లేదనుకుంటే పొరపాటు. 1994లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించి 53-ఎ సెక్షన్‌ను చేర్చింది. 1995 మే నుంచి అది అమలులోకి వచ్చింది. చిత్రం, శిల్పం, రేఖాచిత్రం, మూల రాతప్రతి వంటివి పది వేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడుపోతే, సృష్టికర్తకు లేదా వారసులకు అందులో వాటా హక్కు ఉన్నదని, అది పది శాతానికి మించరాదని ఆ సెక్షన్ చెబుతోంది. కాపీరైట్ గడువు, అంటే మరణానంతరం అరవై సంవత్సరాల వరకు, ఈ హక్కు చెల్లుతుంది.

ముప్పై ఏళ్లు దాటినా ఈ హక్కు కాగితం మీదనే నిద్రిస్తున్నది. కారణాలు ఊహించలేనివి కావు. అమ్మకం జరిగినట్లు చిత్రకారునికి ఎవరు తెలపాలో చట్టంలో లేదు. వాటాను ఎవరు వసూలు చేసి ఎవరి ద్వారా అందించాలో లేదు. వాటా ఎంతో నిర్ణయించవలసిన కాపీరైట్ బోర్డును 2017లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డులో కలిపివేశారు. 2021లో ఆ బోర్డునే రద్దు చేసి బాధ్యతను వాణిజ్య న్యాయస్థానాలకు అప్పగించారు. ఒక ముసలి చిత్రకారుడు తన బొమ్మ ఎక్కడ అమ్ముడుపోయిందో వాకబు చేసుకుని, న్యాయవాదిని పెట్టుకుని, వాణిజ్య న్యాయస్థానం మెట్లెక్కవలసి వస్తే దానిని హక్కు అనడం పరిహాసమే.

పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో, 1920లోనే, ఫ్రాన్స్ ఈ హక్కును చట్టం చేసింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. మిల్లె అనే చిత్రకారుడు సుమారు వెయ్యి ఫ్రాంకులకు అమ్ముకున్న ‘ఏంజెలస్’ చిత్రం ఆయన మరణానంతరం 1889లో పారిస్ వేలంలో 5 లక్షల 53 వేల ఫ్రాంకులు పలికింది. అందులో కుటుంబానికి దక్కినది శూన్యం. ఆ అన్యాయం మీద రేగిన చర్చే చివరకు చట్టానికి దారితీసింది. 2001 నాటి ఆదేశంతో ఐరోపా సమాజం సభ్యదేశాలన్నింటికీ దీనిని వర్తింపజేసింది. యాభై వేల యూరోల వరకు నాలుగు శాతం, ఆపైన తగ్గుతూ పోయే వాటా, ఎంత పెద్ద అమ్మకమైనా పన్నెండున్నర వేల యూరోల గరిష్ఠ పరిమితి. బ్రిటన్ 2006లో అమలు మొదలుపెట్టింది. అక్కడి విపణి ఏమీ మూతపడలేదు.

దీనిమీద ఒక అభ్యంతరం తరచు వినిపిస్తుంది. మా ముదలియార్‌పేటలోని ఆంగ్లో ఫ్రెంచ్ మిల్లు 1898లో పుట్టి 2020లో మూతపడింది. అక్కడ నేసిన గుడ్డను ఎవరైనా మళ్లీ అమ్ముకుంటే నేత కార్మికుడు వాటా అడగలేదు కదా, మరి చిత్రకారుడు ఎందుకు అడగాలి అన్నది ప్రశ్న. సహేతుకమైన ప్రశ్నే. అయితే గుడ్డ కట్టిన కొద్దీ విలువ తరుగుతుంది. బొమ్మ విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలకు మూలం కొన్నవాని చాతుర్యం మాత్రమే కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఆకలితో అమ్ముకున్న బొమ్మకు, చిత్రకారుడు తరువాతి నలభై ఏళ్లు గీసిన ప్రతి బొమ్మా ధర పెంచుతూ వస్తుంది. ఆ శ్రమ ఫలం మొత్తం గోడకు తగిలించుకున్నవానికే పోవడం న్యాయమా?

మన తెలుగువారికీ ఇది దూరపు సంగతి కాదు. కె. లక్ష్మాగౌడ్ రేఖలు, తోట వైకుంఠం తెలంగాణ స్త్రీమూర్తులు, సూర్యాపేటలో పుట్టి విశాఖలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి పెద్ద పెద్ద శిరస్సుల శిల్పాలు దేశ విదేశాలలో చేతులు మారుతున్నాయి. మా పేట దాటి కడలూరు రోడ్డు మీద ఏరు దాటితే అరియాంకుప్పంలో భారతియార్ పల్కలైక్కూడం ఉంది. అక్కడ బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలు రేపు తమ తొలి చిత్రాలను అద్దె కట్టడానికే అమ్ముకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో తయ్యబ్ మెహతా 1956 నాటి చిత్రం ముంబయిలో 61 కోట్ల 80 లక్షలు పలికిందన్న వార్తను వారూ చదివే ఉంటారు. మెహతా 2009లో మరణించారు. మన చట్టం గరిష్ఠంగా అనుమతించే పది శాతమైతే అటువంటి ధరలో ఆరు కోట్లకు పైమాటే.

2025 సెప్టెంబరు 22 నుంచి చిత్రాలు, శిల్పాలపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. కొనేవారికి ఊరట; ఆక్షేపించనవసరం లేదు. తగ్గించిన ఆ ఏడు శాతంలో ఒకటో రెండో చిత్రకారునికి మళ్లించినా ధర పాత ధరకు మించేది కాదు. ప్రభుత్వం ఇప్పటికైనా వాటా శాతాన్ని నియమాలలోనే నిర్ణయించాలి. వేలం సంస్థలు, గ్యాలరీలు ప్రతి పునర్విక్రయాన్నీ విధిగా తెలియజేసేలా చూడాలి. వసూలుకు చిత్రకారుల సంఘాన్ని గుర్తించాలి. న్యూయార్క్ అమ్మకాలకు మన చట్టం చేరదు, నిజమే. ముంబయి, ఢిల్లీ అమ్మకాలకు చేరుతుంది గదా! అక్కడ ఆరంభించడానికి అడ్డేమిటో పాలకులు చెప్పాలి. అంతవరకు ప్రతి రికార్డు ధర వార్త చివరా ‘చిత్రకారునికి వాటా లేదు’ అన్న వాక్యం ఒకటి చేర్చడం మా బోటి అనువాదకుల కనీస ధర్మం.