రూపకల్పన విద్య - విదేశ వినిమయము

విద్యార్థి తన విద్యాలయమున పేరు నిలుపుకొనియే, అర్ధ సంవత్సరము విదేశ విద్యాలయమున చదివి, తిరిగి వచ్చి ఇచటనే పట్టము పొందుటకు విద్యార్థి వినిమయమని పేరు. రూపకల్పన, అనగా డిజైను, నేర్చుచున్న యువతీయువకులకు ఈ అవకాశముపై మక్కువ మెండు. కుర్చీయైనను, వస్త్రమైనను, ముద్రితాక్షరమైనను వాడువారి అవసరమును బట్టి రూపొందును. కనుక పరదేశ జీవనమును కన్నులార చూచుట ఈ విద్యార్థికి గ్రంథపఠనమువలెనే ఆవశ్యకము. అయితే ఈ అవకాశము ఎవరికి అందుచున్నది, అందినవారు దానివలన ఏమి గడింపవలెను అను రెండు ప్రశ్నలు విచారింపదగినవి.

ఈ పద్ధతికి ఐరోపా గట్టి పునాది వేసినది. 1987లో 11 దేశములతో ఆరంభమైన ఎరాస్మస్ పథకమున విద్యార్థి ఆతిథ్యమిచ్చు విద్యాలయమునకు బోధన రుసుము చెల్లింపనక్కరలేదు. పైగా జీవనవ్యయమునకు కొంత సహాయధనము లభించును. అచటి చదువును సంవత్సరమునకు 60 క్రెడిట్ల చొప్పున లెక్కకట్టి స్వదేశ విద్యాలయము స్వీకరించును. రుసుము మినహాయింపు, సహాయధనము, చదువునకు గుర్తింపు - ఈ మూడును కూడినప్పుడే వినిమయము సామాన్యునకు అందును.

మన విద్యాలయములు చేసికొను ఒడంబడికలలో రుసుము మినహాయింపు ఉన్నను, జీవనవ్యయము తరచుగా విద్యార్థిపైననే పడును. జర్మనీ సంగతి చూడుడు. ఉపకారవేతనముగాని హామీదారుగాని లేని విదేశ విద్యార్థి, 2024 సెప్టెంబరులో నిర్ణయించిన లెక్క ప్రకారము, ఏడాదికి 11,904 యూరోలు బ్యాంకులో చూపవలెను. అర్ధ సంవత్సరమునకైనను అది మన రూపాయలలో ఐదు లక్షలకు పైమాట. విమానపు ఖర్చు దీనికి అదనము. రుసుము లేదను మాట విని సంతోషించిన చేనేత కుటుంబపు బిడ్డ ఈ అంకెను చూచి వెనుకంజ వేయును. అప్పుడు ఎంపిక ప్రతిభకు గాక తండ్రి సంపాదనకు జరిగినట్లగును.

ఇక రెండవ ప్రశ్న. 1958లో భారత ప్రభుత్వ ఆహ్వానముపై అమెరికా దేశపు రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశమున పర్యటించి ఒక నివేదిక సమర్పించిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలయుటకు అదియే మూలము. ఆ నివేదికలో వారు మిక్కిలి మెచ్చుకొన్న వస్తువు మన ఇంటి చెంబు. ఎంత నీరు పట్టవలెను, చేతనా చంకనా మోయుదురు, వంచినప్పుడు ధార ఎట్లు పడును, తోముట సులభమా, వెల యెంత అని వారు ప్రశ్నించిరి. ఏ ఒక్కరి కల్పనయు గాక తరతరముల అనుభవమే దానికి రూపమిచ్చినదని గ్రహించిరి.

విదేశమునకు పోవు మన విద్యార్థి అలవరచుకొనవలసినది ఈ చూపే. అచటి కుర్చీ ఆకారమును కాగితముపై ఎక్కించుకొని వచ్చుట అనుకరణము. ఆ కుర్చీ ఆ చలిదేశమున, ఆ ఇంటిలో, ఆ కర్రతో ఎందుకట్లు అమరినదో తెలిసికొనుట విద్య.

వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. పుచ్చుకొనువానివద్ద ఇచ్చుటకును కొంత ఉండవలెను. 2015లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైను సంస్థకు కొండపల్లి దూరము కాదు. తెల్ల పొణికి కర్ర అంత తేలికయైన బొమ్మ యెట్లగునో, ఏటికొప్పాకలో లక్క పూత యెట్లు నిలుచునో, పోచంపల్లి నేతగాడు నూలును ముందుగానే కట్టి అద్దకము వేసి మగ్గముపై చిత్రమును ఎట్లు తేల్చునో తెలిసినవాడు పరదేశ తరగతిలో చెప్పగలవాడగును. తెలియనివాడు వినువాడుగానే మిగులును.

కనుక విద్యాలయములు చేయవలసినవి రెండు. పేద విద్యార్థి జీవనవ్యయమునకు నిధి ఏర్పరుపవలెను; ప్రయాణమునకు ముందు ప్రతి విద్యార్థియు ఒక స్థానిక వృత్తిని పనివారి సరసన కూర్చుండి అభ్యసించునట్లు నియమింపవలెను. మొదటిది లేనిచో వినిమయము ధనికుల యాత్రయగును. రెండవది లేనిచో ఎవరు పోయి వచ్చినను దేశమునకు ఒరుగునది స్వల్పము.