పండు అదనపు వంటకం కాదు

హాస్టల్‌లో నెలాఖరుకు ఖర్చు పెరిగితే ముందు కోత పడేది పండుకే. అన్నం తగ్గినా, గుడ్డు రాకపోయినా గొడవ చేసేవాళ్లం. అరటిపండు రాలేదని మాత్రం ఏనాడూ అడగలేదు. పండు జ్వరమొచ్చినవాళ్లకు, డబ్బున్నవాళ్లకు అనుకునే ఇళ్ల నుంచి వచ్చాం మరి. మా ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ దాటి, పీజీలో మైక్రోబయాలజీ చదివాక గానీ ఆ మౌనం ఎంత తప్పో తెలియలేదు.

మన పెద్దపేగులో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో మేలు చేసేవి చాలా ఉన్నాయి. మనం తిన్న అన్నం చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది. వాటిదాకా చేరేది తక్కువ. పండ్లలోని పెక్టిన్ లాంటి పీచును జీర్ణం చేసుకునే ఎంజైములు మనకు లేవు. అందుకే అది పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఆహారం ఈ బ్యుటిరేటే. మేలుచేసే బ్యాక్టీరియాకు మేతగా పనికొచ్చే పదార్థాలకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రవేత్తలు 'ప్రీబయాటిక్' అని పేరుపెట్టారు. పెరుగుతో బ్యాక్టీరియా లోపలికి వెళతాయి. పండుతో లోపల ఉన్నవాటికి మేత వెళుతుంది.

ఇందుకు ఆపిల్ కొననక్కర్లేదు. అంతే బరువున్న ఆపిల్‌లో కన్నా జామకాయలో రెట్టింపు పీచు ఉంటుంది. మరీ మాగని అరటిపండులో జీర్ణం కాని పిండిపదార్థం కూడా ఆ బ్యాక్టీరియాకు మేతే. రసం తీసి వడగడితే పీచు చాలావరకు పిప్పిలోనే పోతుంది. కాబట్టి పండును కొరికి తినడమే మేలు. అలవాటు లేనివాళ్లు ఒక్కసారే ఎక్కువ తింటే కడుపుబ్బరం వస్తుంది, కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. అంటే ఓ మోస్తరు జామకాయ. అది ఉన్నవాళ్ల కోసం మాత్రమే రాసిన లెక్క కాదు, మనకూ రాసిందే.

మెస్ ఛార్జీలు చాలవన్న మాట నిజమే. కానీ చాలని డబ్బులో కోత ఎప్పుడూ పండుకే ఎందుకు పడాలి? ఏ కాలంలో ఏ పండు చవకో ఆ పండే తెప్పించమని వార్డెన్ గారిని మనవి చేస్తున్నాం. తమ్ముళ్లూ, ఫుడ్ కమిటీలో కూర్చున్నప్పుడు గుడ్డు గురించి అడిగినంత గట్టిగా పండు గురించీ అడగండి. ఈ వార్షికోత్సవానికి గుర్తుగా హాస్టల్ ఆవరణలో నాలుగు జామమొక్కలు నాటుదాం. మేము అడగలేకపోయింది మీరు అడుగుతారని ఆశిస్తున్నాం.